పాదాన్ని సాగదీస్తే లోపల ఏం జరుగుతుంది?

అందరికీ నమస్కారం. నేను ఫిజియోథెరపిస్టుని. నా దగ్గరికి మడమ నొప్పితో చాలామంది వస్తుంటారు. టీచర్లు, నర్సులు, బట్టల షాపుల్లో పొద్దస్తమానం నిలబడి ఉండేవాళ్లు, ఇంట్లో గ్రానైట్ బండల మీద చెప్పుల్లేకుండా తిరిగే అమ్మలు. వచ్చినవాళ్లలో ఎక్కువమంది అనే మాట ఒకటే, "లోపల ఏదో పట్టేసిందండీ, కాస్త లాగి సాగదీయండి" అని. ఈ రోజు నేను మాట్లాడబోయేది ఆ సాగదీయడం గురించే. పాదంలో ఉన్నవి నిజంగా సాగుతాయా, ఎంత బలానికి సాగుతాయి, ఎంతసేపటికి సాగుతాయి, వదిలేశాక ఏమవుతుంది? ముందు పెద్దవాళ్ల పాదం చూద్దాం, తర్వాత పుట్టుకతోనే లోపలికి తిరిగిపోయిన పసిపిల్లల పాదం దగ్గరికి వెళ్దాం. ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడకపోతే స్ట్రెచింగ్ అంటే ఏమిటో సగమే అర్థమవుతుందని నా నమ్మకం.

ఒక్కసారి అందరూ చెప్పులు విడిచి లేచి నిలబడండి. బరువు రెండు కాళ్ల మీదా సమానంగా ఉంచండి. ఇప్పుడు పక్కన కూర్చున్నవాళ్లని వంగి మీ బొటనవేలిని పైకి ఎత్తమనండి, మీరు ఎత్తకూడదు, వాళ్లే ఎత్తాలి. చూశారా, అరికాలి లోపలి వైపు వంపు దానంతట అదే పైకి లేచింది. ఇంకాస్త జాగ్రత్తగా చూస్తే మోకాలు కూడా కొంచెం బయటికి తిరుగుతుంది. మీ కండరాలేవీ పని చేయలేదు, వేలు లేచింది, వంపు లేచింది, అంతే. మడమ ఎముక అడుగున మొదలై ఐదు వేళ్ల మొదళ్ల దాకా వెళ్లే ఒక గట్టి పట్టీ ఉంది, దాన్ని ప్లాంటార్ ఫేషియా అంటారు. వేలు పైకి వంగినప్పుడు ఈ పట్టీ వేలి మొదట్లో ఉండే ఎముక గుండు కిందుగా చుట్టుకుంటుంది. పట్టీ పెద్దగా సాగదు కాబట్టి చుట్టుకున్న మేరకు మడమని ముందుకి లాగుతుంది, మడమకీ వేళ్ల మొదళ్లకీ మధ్య దూరం తగ్గుతుంది, వంపు పైకి లేవక తప్పదు. దీన్ని 1954లో ఇంగ్లండ్‌లో హిక్స్ అనే డాక్టరు వివరంగా రాశాడు, విండ్‌లాస్ మెకానిజం అని పేరు కూడా ఆయన పెట్టిందే. కూర్చోండి.

ఇందులో ముఖ్యమైన మాట "పట్టీ పెద్దగా సాగదు" అన్నది. అది రబ్బరులా సాగిపోయేదైతే ఇప్పుడు మీరు చూసిన పని జరగదు. నడకలో మడమ లేచి వేళ్ల మీద నెట్టే క్షణంలో బొటనవేలు దగ్గరదగ్గర 60 డిగ్రీలు వంగుతుంది, అప్పుడు ఆ వంపు గట్టిపడబట్టే పాదం కూలబడకుండా మనల్ని ముందుకి నెడుతుంది. ఆ క్షణంలో ఈ పట్టీ మీద ఎంత లాగుడు ఉంటుందో మృతదేహాల పాదాలని యంత్రం మీద నడిపించి కొలిచారు. 2004లో వచ్చిన ఆ కొలత ప్రకారం అది దాదాపు మన ఒంటి బరువంత. అంటే 60 కిలోల మనిషి వేసే ప్రతి అడుగుకీ ఆ పట్టీ మీద దగ్గరదగ్గర 60 కిలోల బరువు వేలాడదీసినంత లాగుడు పడుతుంది, అదీ రోజుకి కొన్ని వేలసార్లు. ఆ లాగుడుని మోసేదాన్ని నేను నా బొటనవేలితో నొక్కి సాగదీస్తానంటే ఎలా కుదురుతుంది? 2008లో దీని మీద ఒక గణిత నమూనా వచ్చింది. ప్లాంటార్ ఫేషియాని పైనుంచి నొక్కి ఒక్క శాతం అణచాలంటే 800 కిలోలకి పైబడిన బరువంత బలం కావాలని అందులో లెక్క తేలింది. ఏ చేతికీ అంత బలం ఉండదు. కాబట్టి మసాజ్ చేసి "పట్టేసింది విడిపోయింది" అని ఎవరైనా చెబితే, హాయిగా అనిపించిన మాట నిజమే కావచ్చు, విడిపోయిందన్న మాట మాత్రం నేను ఒప్పుకోను.

మరి బొటనవేలిని వెనక్కి వంచి పట్టుకుంటే మొదట బిర్రుగా ఉండి, కాసేపటికి వదులైనట్టు ఎందుకు అనిపిస్తుంది? ఈ పట్టీ ఎక్కువ భాగం కొల్లాజెన్ అనే గట్టి ప్రోటీన్ పోగులు. లాగుడు లేనప్పుడు ఆ పోగులు తిన్నగా ఉండవు, జడ విప్పాక జుట్టుకి ఉండే అలల్లాంటి ముడతలు వాటికీ ఉంటాయి. లాగడం మొదలుపెట్టగానే ముందు ఆ ముడతలు సాపు అవుతాయి, దానికి పెద్ద బలం అక్కర్లేదు, పొడవు మొదటి ఒకటి రెండు శాతం పెరిగేదంతా దాదాపు ఇలా వచ్చిందే. ఆ తర్వాత పోగు పోగంతా తిన్నగా బిగుసుకుంటుంది, అక్కడి నుంచి ప్రతి చిన్న సాగుడుకీ చాలా ఎక్కువ బలం కావాలి. దానికి తోడు ఇందులో నీరు, జిగురు పదార్థం ఉంటాయి కాబట్టి సమయాన్ని బట్టి కూడా ప్రవర్తన మారుతుంది. అదే పొడవు దగ్గర పట్టి ఉంచితే లోపలి లాగుడు నెమ్మదిగా తగ్గుతుంది. అదే బరువు వేలాడదీసి ఉంచితే పొడవు నెమ్మదిగా, చాలా కొద్దిగా పెరుగుతుంది. గబుక్కున లాగితే బిర్రుగా ఎదురు తిరుగుతుంది, నెమ్మదిగా లాగితే కాస్త లొంగుతుంది. వదిలేశారా, కాసేపటికి మళ్లీ పాత స్థితికే వస్తుంది. పొద్దున స్ట్రెచింగ్ చేసి ఆఫీసుకి వెళ్లేసరికి ఆ వదులు మిగిలి ఉండదు.

అయినా నెలరోజులు చేసినవాళ్లకి వేలు ఎక్కువ వంగుతుంది కదా, చీలమండ ఎక్కువ వంగుతుంది కదా అని మీరు అడగాలి. అడగాల్సిన ప్రశ్నే అది. దీనికి జవాబు పాదం మీద కంటే తొడ వెనక కండరాల మీద స్పష్టంగా కనిపించింది. 1996లో డెన్మార్క్‌లో మాగ్నుసన్ బృందం కొందరికి ఒక కాలికి మాత్రం 3 వారాలు స్ట్రెచింగ్ చేయించి, రెండో కాలిని అలాగే వదిలేసింది. చేసిన కాలు ఎక్కువ దూరం లేచింది. కానీ ఒకే కోణం దగ్గర ఆ కండరం ఎంత ఎదురు తిరుగుతోందో కొలిస్తే ఏ మార్పూ లేదు, ముందెంతో తర్వాతా అంతే. అంటే కండరం పొడుగవలేదు, మెత్తబడలేదు. ఇంతకు ముందు "ఇక చాలు" అనిపించిన చోట ఇప్పుడు అలా అనిపించడం లేదు, అంతే తేడా. సాగుడుని భరించే హద్దు జరిగింది. ఇది మెదడూ నరాలూ నేర్చుకున్న సంగతి, నా దృష్టిలో ఇది చిన్న సంగతేమీ కాదు, ఎందుకంటే నొప్పి అని వచ్చేవాళ్లకి కావలసింది కూడా అదే.

అందుకే స్ట్రెచింగ్ దండగ అని నేను అనను. మడమ నొప్పికి అన్నిటికంటే ముందు నేను చెప్పేది ఇప్పటికీ అదే. పొద్దున మంచం దిగకముందే చేయాలి. నొప్పి ఉన్న కాలిని రెండో మోకాలి మీద వేసుకోండి, అదే వైపు చేత్తో వేళ్లన్నిటినీ పట్టుకుని కాలి ముందు ఎముక వైపుకి వంచండి, రెండో చేతి వేళ్లతో అరికాలి లోపలి వైపు తడమండి. అక్కడ తాడులా ఒకటి బిగుసుకుని తగులుతుంది. తగిలితే సరిగ్గా చేస్తున్నట్టు, తగలకపోతే వేళ్లని ఇంకాస్త వంచాలి. పది లెక్కపెట్టే దాకా పట్టి ఉంచి వదలండి, ఇలా పది సార్లు, రోజుకి మూడు పూటలు. దీన్ని అమెరికాలోని రోచెస్టర్ డాక్టర్లు 2003లో పది నెలలకి పైగా నొప్పి తగ్గని వాళ్ల మీద పరీక్షించి చూశారు. ఉత్త పిక్క స్ట్రెచింగ్ చేసిన వాళ్ల కంటే ఇలా చేసిన వాళ్లకి 8 వారాల్లో మెరుగ్గా తగ్గింది. మొదటి అడుగుకి ముందే చేయమనడానికి కారణం ఉంది. రాత్రంతా పాదం కిందికి వాలి పట్టీ వదులుగా ఉంటుంది, లేవగానే ఒంటి బరువంతా ఒక్కసారిగా దాని మీద పడుతుంది, గబుక్కున పడే లాగుడుకి అది ఎలా ఎదురు తిరుగుతుందో ఇందాకే చెప్పాను. దానికి ముందే నెమ్మదిగా కాస్త లాగి ఉంచితే ఆ మొదటి అడుగు అంత ప్రాణం తీయదు.

పిక్క స్ట్రెచింగ్ కూడా మానొద్దు. పిక్క కండరం బిర్రుగా ఉంటే మడమని పైకి లాగుతుంది, మడమ అలా లాగబడే కొద్దీ అరికాలి పట్టీ మీద భారం పెరుగుతుంది. రెండూ ఒకే ఎముకకి అటొకటి ఇటొకటి తగులుకుని ఉన్నాయి.

దీని తర్వాత వచ్చిన పని నాకు ఇంకా నచ్చింది. డెన్మార్క్‌లోనే రాత్‌లెఫ్ అనే ఫిజియోథెరపిస్టు బృందం 2015లో 48 మందిని తీసుకుని, సగం మందికి ఈ స్ట్రెచింగ్, మిగతా సగానికి బరువు వ్యాయామం ఇచ్చింది. మెట్టు అంచున ఒంటి కాలి మీద నిలబడాలి, వేళ్ల కింద చుట్టిన తువ్వాలు పెట్టాలి, వేళ్లు పైకి వంగి ఉంటాయి, అంటే ఇందాక మీ బొటనవేలితో చేసిన పనే. అలా ఉండి 3 సెకన్లలో మడమ పైకి, 2 సెకన్లు పైన, 3 సెకన్లలో కిందికి. రోజు విడిచి రోజు. తేలికైతే వీపున బ్యాగులో పుస్తకాలు వేసుకుని బరువు పెంచాలి. 3 నెలలకి వీళ్ల నొప్పి స్ట్రెచింగ్ వాళ్ల కంటే బాగా తగ్గింది, ఏడాది తిరిగేసరికి రెండు గుంపులూ సమానంగా వచ్చాయి. సాగదీయడం కంటే మోయించడం ముందు దారి చూపించింది, అదీ నెమ్మదిగా, లెక్క ప్రకారం. మోకాళ్లు బాగా లేనివాళ్లు, పెద్ద వయసు వాళ్లు మాత్రం గోడ పట్టుకుని రెండు కాళ్లతో మొదలుపెట్టండి.

నన్ను అడిగితే, ఒకవేళ ఆ పట్టీని నిజంగా పొడుగు చేయగలిగినా చేయకూడదు. ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో అలెగ్జాండర్ బృందం 1987లో ఆపరేషన్లలో తీసేసిన పాదాలని యంత్రంలో నొక్కి వదిలి చూసింది. పరిగెత్తేటప్పుడు ప్రతి అడుగులో చేతులు మారే శక్తిలో దాదాపు 17 శాతం పాదం వంపులో దాచుకుని తిరిగి ఇవ్వగలదని తేలింది. ఆ దాచుకునే పని బిర్రుగా ఉంటేనే అవుతుంది. నొప్పి తగ్గక ఆఖరికి ఆపరేషన్ చేసి ఈ పట్టీని కోసినప్పుడు కొందరికి వంపు కుంగిపోయి, పాదం బయటి అంచున కొత్త నొప్పి మొదలవుతుంది. డాక్టర్లు దాన్ని చివరి దాకా వాయిదా వేసేది అందుకే.

షుగర్ ఉన్నవాళ్లకి ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. రక్తంలో చక్కెర ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే అది కొల్లాజెన్ పోగుల మధ్య అడ్డుకట్లు వేస్తుంది, ప్లాంటార్ ఫేషియా మందమవుతుంది, బిర్రు పెరుగుతుంది, వేళ్ల కీళ్లు సరిగ్గా వంగవు. దానికి తోడు స్పర్శ తగ్గి ఉంటే, ఎంత లాగుతున్నారో, ఎంత వేడి నీళ్లలో పెట్టారో తెలియదు. మీరు ముందు పాదాన్ని డాక్టరుకి చూపించుకోండి, తర్వాతే ఏ స్ట్రెచింగైనా. వేడి నీళ్లలో కాళ్లు పెట్టడం అసలు వద్దు.

ఇక పసిపిల్లల దగ్గరికి వద్దాం. ప్రతి వెయ్యి కాన్పుల్లో ఒకరిద్దరు పిల్లలు క్లబ్‌ఫుట్‌తో పుడతారు. మడమ పైకి, లోపలికి, అరికాలు రెండో కాలికేసి చూస్తూ ఉంటుంది. మగపిల్లల్లో రెండింతలు ఎక్కువ, దాదాపు సగం మందికి రెండు పాదాలూ అలాగే ఉంటాయి. మన ఇళ్లలో గ్రహణం అంటారు, కడుపుతో ఉన్నప్పుడు ఏదో కోసింది, ఏదో తాకింది అని తల్లిని అంటారు. ఆ తల్లి తప్పు ఇందులో ఏమీ లేదు. దయచేసి ఆ మాట ఇంట్లో ఎవరన్నా అక్కడే ఆపండి.

ఈ పాదాన్ని సరిచేసిన మనిషి ఇగ్నాసియో పొన్సెటి. 1914లో స్పెయిన్‌లోని మినోర్కా ద్వీపంలో పుట్టాడు, అక్కడి అంతర్యుద్ధంలో గాయపడ్డవాళ్లకి వైద్యం చేశాడు, యుద్ధం ఓడిపోయాక ఫ్రాన్స్ మీదుగా మెక్సికో చేరి, 1941లో అమెరికాలో అయోవాకి వచ్చాడు. అప్పట్లో ఈ పిల్లలకి పెద్ద ఆపరేషన్లు చేసి బిగుసుకున్న వాటినన్నిటినీ కోసేవారు. అలా ఆపరేషన్లు అయిన పిల్లల పాదాలు తర్వాత బిర్రుగా, నొప్పిగా మారడం ఆయన చూశాడు. 1940ల చివర నుంచి ఇంకో దారి పట్టాడు.

ఆ దారి మొత్తం ఇందాక చెప్పిన అలల మీద నడుస్తుంది. పసిపిల్లల పాదంలో లిగమెంట్ల పోగుల్లో, అంటే ఎముకని ఎముకకి కలిపే పట్టీల పోగుల్లో, ఆ ముడతలు ఉంటాయి, కణాలు కూడా ఎక్కువ. మెల్లగా సాగదీస్తే ముడతలు సాపు అవుతాయి. అలా సాగదీసిన చోటే పిండికట్టు వేసి కదలకుండా ఉంచితే, కొన్ని రోజులకి ఆ పోగుల్లో ముడతలు మళ్లీ వస్తాయి. ఈసారి కొత్త పొడవు దగ్గర. అంటే మళ్లీ ఇంకొంచెం సాగదీసుకోవచ్చన్నమాట. అందుకే కట్టు వారానికి ఒకసారి మారుస్తారు. పెద్దవాళ్ల పట్టీ వదిలేయగానే పాత స్థితికి పోతుంది, పసిపాదం వదిలిపెట్టకపోతే, పట్టుకుని ఉంటే, పొడవుగా పెరుగుతుంది. ఇదంతా చేతి బలం వల్ల అయ్యేది కాదు, చేతులు ఒక్క నిమిషం మెత్తగా కదిలిస్తాయి, మిగతా వారమంతా పని చేసేది ఆ కట్టూ, ఆ పెరుగుదలా.

ఆ ఒక్క నిమిషం ఎలా ఉంటుందో చెబుతాను. డాక్టరు ఒక చేతి బొటనవేలిని చీలమండ ముందు బయటి వైపు ఆనిస్తారు, అక్కడ టాలస్ అనే ఎముక తల బుడిపెలా తగులుతుంది. పాదమంతా తిరగాల్సింది దాని చుట్టూ, కాబట్టి అది కదలకూడదు. మొదటి కట్టుకి ఆయన చేసే పని చూస్తే పక్కన నిలబడ్డ అమ్మమ్మకి గుండె జారిపోతుంది, లోపలికి తిరిగిన పాదాన్ని ఇంకా లోపలికి తిప్పినట్టే ఉంటుంది. నిజానికి బొటనవేలి వైపు ముందరి పాదం వాలిపోయి ఉంది, దాన్ని ఎత్తి వెనక భాగంతో ఒకే వరసకి తెస్తున్నారు. ఆ తర్వాతి వారాల్లో పాదాన్ని మొత్తంగా బయటికి తిప్పుతూ వస్తారు. మడమని అసలు ముట్టుకోరు. ఇది చాలా పెద్ద విషయం. పొన్సెటికి ముందు కైట్ అనే పేరున్న డాక్టరు పాదం బయటి అంచు మధ్యలో నొక్కి తిప్పేవాడు, దాంతో మడమ ఎముక తిరిగే దారి మూసుకుపోయి కట్లు నెలల తరబడి సాగేవి. టాలస్ దగ్గర పట్టుకుంటే మడమ ఎముక దాని కింద తనంతట తానే తిరిగి సర్దుకుంటుంది. ఐదారు కట్లతో పాదం 60 నుంచి 70 డిగ్రీలు బయటికి వస్తుంది. కట్టు తొడ దాకా, మోకాలు వంచి వేస్తారు, లేకపోతే కట్టు జారిపోతుంది, పాదం లోపల తిరిగిపోతుంది.

చివరికి మిగిలేది పైకి లేచి ఉన్న మడమ. ఇక్కడ స్ట్రెచింగ్ ఆగిపోతుంది. పిక్క కండరాన్ని మడమకి కలుపుతూ వెనక ఉండే తాడులాంటి అకిలెస్ టెండన్ ఆ లిగమెంట్లలాంటిది కాదు, దాని పోగులు మందంగా, బిర్రుగా ఉంటాయి, కణాలు తక్కువ. దాన్ని సాగదీయాలని ముందరి పాదాన్ని బలంగా పైకి వంచారనుకోండి, టెండన్ సాగదు, మెత్తగా ఉన్న పాదం మధ్యలో విరుగుతుంది, అరికాలు కిందికి ఉబ్బి పడవ అడుగులా తయారవుతుంది. పైకి చూస్తే పాదం వంగినట్టే ఉంటుంది, మడమ మాత్రం పైనే ఉంటుంది. అందుకే చాలామంది పిల్లలకి అక్కడికక్కడే మత్తిచ్చి చిన్న గాటుతో ఆ టెండన్‌ని కోసి మూడు వారాల కట్టు వేస్తారు. నరం కోసేస్తున్నారని భయపడకండి, అది నరం కాదు, ఆ వయసులో మూడు వారాల్లో కొత్త పొడవుతో మళ్లీ అతుక్కుంటుంది.

పొన్సెటి దీన్ని 1963లోనే ప్రచురించాడు. చాలా కాలం ఎవరూ పట్టించుకోలేదు. 1995లో అయోవాలోనే 30 ఏళ్ల తర్వాత ఆ పిల్లల పాదాలు ఎలా ఉన్నాయో చూస్తే 78 శాతం బాగా లేదా చాలా బాగా ఉన్నాయని తేలింది. 1990ల చివర్లో తల్లిదండ్రులు ఇంటర్నెట్‌లో ఒకరికొకరు చెప్పుకోవడం వల్ల ఇది లోకమంతా పాకింది. ఆయన 2009లో, 95 ఏళ్ల వయసులో పోయారు.

ఇందాక ఒకమ్మ అడిగారు, మా అత్తగారు స్నానం చేయించేటప్పుడు నూనె రాసి కాళ్లు లాగుతారు, దాంతో సరిపోదా అని. అమ్మా, వేలితో మెత్తగా తోస్తేనే పాదం తిన్నగా వచ్చేస్తుంటే అది గర్భంలో ముడుచుకుని ఉండటం వల్ల వచ్చింది, చాలావరకు దానంతట అదే పోతుంది. తోసినా రాకపోతే, మడమ పైకి ఉండి కదలకపోతే, అది క్లబ్‌ఫుట్. దాన్ని లాగొద్దు. స్నానంలో లాగి వదిలేస్తే ఏ పొడవూ మిగలదు, గట్టిగా లాగితే ఇందాక చెప్పినట్టు పాదం మధ్యలో చెడుతుంది. మొదటి వారాల్లోనే చూపించండి.

కట్లు తీశాక అసలు టెన్షన్ మొదలవుతుంది. రెండు బూట్ల మధ్య బార్ ఉంటుంది, మొదటి మూడు నెలలు రోజుకి 23 గంటలు, తర్వాత బిడ్డకి నాలుగేళ్లు వచ్చే దాకా నిద్రపోయేటప్పుడు వేయాలి. బిడ్డ ఏడుస్తుంది, పాదం తిన్నగా కనిపిస్తోంది కదా అని తీసేస్తారు. తిరిగి వంకర రావడానికి అన్నిటికంటే పెద్ద కారణం అదే. ఆ లిగమెంట్లు మూడు నాలుగేళ్ల దాకా మళ్లీ బిగుసుకోవాలనే చూస్తుంటాయి. మొదటి రెండు మూడు రోజులు ఏడుస్తారు, ఆ తర్వాత రెండు కాళ్లూ కలిపి తన్నడం నేర్చుకుంటారు. బూటు లోపల మడమ అడుగుకి ఆనిందో లేదో రోజూ చూడండి, ఎర్రగా కందితే వేయడం మానకండి, బూటు సరిచేయించుకోండి.

డబ్బు గురించి అడిగారు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో, అంటే పిల్లలకి ఉచితంగా వైద్యం చేయించే ప్రభుత్వ పథకంలో, క్లబ్‌ఫుట్ కూడా ఉంది. ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా మీ ఊరి ఆశా కార్యకర్తకో, అంగన్‌వాడీ టీచర్‌కో చెప్పండి, జిల్లా ఆస్పత్రిలో ఉండే పిల్లల కేంద్రానికి పంపిస్తారు. నడక వచ్చేసిన పిల్లల్ని కూడా తీసుకెళ్లండి, కట్లు ఎక్కువ పడతాయి, కొన్ని చోట్ల చిన్న ఆపరేషన్ కూడా కలపాల్సి రావచ్చు, కానీ ఇదే పద్ధతితో ఆ వయసులోనూ పాదాలు చాలావరకు తిన్నగా వస్తున్నాయి. ఇంకా ప్రశ్నలు ఉంటే ఇక్కడే ఉంటాను, బిడ్డని తెచ్చినవాళ్లు ముందుకి రండి, పాదం చూస్తాను.